పరుపులు తీసేసిన ఏడాది

బట్టల షోరూముల్లో ఫ్లోర్ మేనేజర్లుగా చేరుతున్న కుర్రాళ్లు ఈమధ్య అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తున్నారు. వాళ్లు అడిగేది ఒక్కటే, సేల్స్ పెంచడం ఎలా అని. నేను చెప్పేదీ ఒక్కటే. నాయనా, సేల్స్ సంగతి తర్వాత, నీ దగ్గర పనిచేసేవాళ్లు రేపు పొద్దున వస్తారా రారా, ముందు అది చూసుకో అంటాను. ఈ మాట వాళ్లకు రుచించదు. కాఫీ తాగి, మొహమాటానికి తలూపి వెళ్లిపోతారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదువుతూ మధ్యలో ఫోను చూసుకున్నా నాకు కనబడదు, కోపం రాదు.

నేను గుడివాడలో ఒకే బట్టల కొట్టులో గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. జీతం ఎప్పుడు పెరిగిందో, ఎవరు ఏ శాలువా కప్పారో ఇక్కడ రాయను. శాలువాల ధరలు నాకు బాగా తెలుసు. నాకు కప్పినవి అంత గొప్పవేం కావు.

పరుపుల మీద బేరం

మా షావుకారు వెంకటరత్నం గారిది పాతకాలపు కొట్టు. లోపల గోడ నుంచి గోడకు పరుపులు, వాటి మీద ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పట్లు, వెనక బీరువాల్లో చీరలు. గుమ్మం పక్కన గల్లాపెట్టె ముందు ఆయన కూర్చునేవారు. గుమాస్తాలం పరుపు మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంటే, వచ్చినవాళ్లు చెప్పులు విడిచి మా ఎదురుగా కూర్చునేవారు.

దివిసీమ నుంచి పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు మొదటి బస్సుకు బయల్దేరి వచ్చి, సగం రోజు మా పరుపుల మీదే గడిపేవారు. పిల్లలు బాలీసుల మీద నిద్రపోయేవారు. మగవాళ్లు గోడకు చేరగిలబడి రాజకీయాలు మాట్లాడుకునేవారు. ఆడవాళ్లు చీరలు చూసి పక్కన పెట్టేవారు, పక్కన పెట్టినవి మళ్లీ చూసేవారు. తొందర ఎవరికీ లేదు, మాకు అసలే లేదు. మంచి చీర మొదట తియ్యకూడదు, అలాగని ఆఖరికీ తియ్యకూడదు. నాలుగు చూసి, ఇంకేమున్నాయయ్యా అని చిన్న విసుగు మొదలయ్యేటప్పుడు తియ్యాలి. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

వచ్చినవాళ్లను రెండో మాటలోనే అక్కయ్యగారినో పిన్నిగారినో చేసేసేవాళ్లం. ఈ వరసలు కలపడంలో మా సుబ్బయ్యగారు దిట్ట. నాకన్నా పెద్దవాడు, నాకు పని నేర్పినవాడు. ఒకసారి ఆయన ఎవరినో పిన్నిగారూ అంటే, ఆవిడ మొహం ఎర్రబడి, నేను నీకన్నా చిన్నదాన్నయ్యా అంది. మా పిన్ని కూడా నాకన్నా చిన్నదేనండి అని సుబ్బయ్యగారు పట్టుచీర విప్పారు. ఆవిడ నవ్వి అదే కొనుక్కుని వెళ్లింది.

పొద్దున పదింటికి తెరిస్తే రాత్రి బాగా పొద్దుపోయాక గానీ కొట్టు కట్టేవాళ్లం కాదు. అంతసేపు పనిలో ఉన్నామని మాకెప్పుడూ అనిపించలేదు. అది మా ఓపిక గొప్పతనమని చాలా ఏళ్లు నమ్మాను.

వెళ్లిపోయినవాళ్లు

తొంభైల్లో మా చుట్టుపక్కల వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. కోడూరు వైపు నుంచి మొదలై ఆ గాలి మా వైపుకూ వచ్చింది. చెరువుల మీద కాపలాకీ, మేతల దుకాణాల్లోకీ కుర్రాళ్లు కావలసి వచ్చారు. మాకన్నా జీతం ఎక్కువ, పైగా మోటారుసైకిలు మీద తిరిగే ఉద్యోగం. మా గుమాస్తాలు ఒక్కొక్కరే జారుకున్నారు. కొందరు విజయవాడ వెళ్లారు, కొందరు హైదరాబాదు. పదో తరగతి తప్పినవాడు కూడా చీరలు మడతపెట్టే పని నాకెందుకు అనే రోజులొచ్చాయి.

షావుకారు గారికి ఇది ద్రోహంలా తోచింది. అన్నం పెట్టిన చోటు వదిలి ఉప్పునీళ్లలో పడ్డారని కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు. మా వాళ్లలో కోటేశ్వరరావని మంచి మాటకారి కుర్రాడు ఉండేవాడు. మానేస్తున్నానని చెప్పడానికి స్వీటు పాకెట్టు పట్టుకొస్తే ఆయన మొహం తిప్పుకున్నారు. తర్వాత రొయ్యలకు తెగులొచ్చి చెరువులు దెబ్బతిన్నాయి. కోటేశ్వరరావు మళ్లీ గుడివాడ వచ్చాడు. మా కొట్టు ముందు సైకిలు ఆపి, కాసేపు లోపలికి చూసి, పక్క వీధిలో కొత్తగా పెట్టిన పెద్ద కొట్టుకు వెళ్లి చేరాడు. మా దగ్గర ఏళ్ల తరబడి కొన్నవాళ్లు కొందరు అతన్ని వెతుక్కుంటూ అటే వెళ్లారు.

మేనేజర్లు కాబోయేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇది. మానేసేవాడికి ఓ కాఫీ ఇప్పించి, గుమ్మం దాకా వెళ్లి సాగనంపండి. కాలం మారి మనుషులు కదులుతున్నప్పుడు వాళ్లను తిట్టుకుంటూ కూర్చునే యజమానిని చూస్తే నాకు జాలి కూడా వెయ్యదు, చిరాకు వేస్తుంది.

అద్దాల కౌంటర్లు

అలా కొట్టులో ఎవరూ మిగలని రోజుల్లో షావుకారు గారు పెళ్లికని విజయవాడ వెళ్లి, అక్కడో షోరూము చూసొచ్చారు. అద్దాల కౌంటర్లు, నేలకు పాలరాయి, కౌంటర్ల వెనక ఒకే రంగు చీరలు కట్టుకున్న అమ్మాయిలు. తిరిగొచ్చిన మర్నాడే పరుపులు చుట్టించి మేడమీద గోడౌనులో పడేయించారు. నెల తిరక్కుండా మా కొట్టు షోరూమయింది. నలుగురు ఆడపిల్లలను తీసుకున్నాం. నలుగురూ చుట్టుపక్కల ఊళ్లనుంచి బస్సుల్లో వచ్చేవాళ్లే.

ఆయన ఒక నియమం పెట్టారు. షోరూములో ఎవరూ కూర్చోకూడదు, స్టూలు అన్నది కనబడకూడదు. కస్టమరు నిలబడి ఉంటే మనం కూర్చోవడం మర్యాద కాదని ఆయన వాదన. కస్టమరుకైనా కుర్చీ వెయ్యొచ్చు కదా అన్నాను. కూర్చుంటే లేవరయ్యా అన్నారు. సుబ్బయ్యగారికి అప్పటికే మోకాళ్ల నొప్పులు. ఆయన కింది అరలో ఏదో వెతుకుతున్నట్టు గొంతుక్కూర్చుని ఎంతకీ లేచేవారు కాదు. ఆ అరలో లంగాలు తప్ప ఏమీ లేవు.

ఆషాఢం గడిచేలోగా నలుగురిలో ఇద్దరు మానేశారు. ఆడవాళ్లు ఉద్యోగాల్లో నిలవరని నేను ముందే అనుకున్నానన్నారు షావుకారు గారు. ముందే అనుకుంటే ఎందుకు పెట్టుకున్నారని నేను అడగలేదు. శ్రావణమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. మాకు ఏడాది బతుకంతా ఆ నెలలోనే. ఈ శ్రావణం కూడా పోతే కొట్టు అద్దెకిచ్చేసి ఇంట్లో కూర్చుంటానని ఆయన తెగేసి చెప్పారు. కొట్టు మూసేస్తే ఆయనకు అద్దె వస్తుంది. ఆ వయసులో నాకూ సుబ్బయ్యగారికీ ఇంకో చోట పని ఎవరిస్తారు?

అందుకని ఉన్న ఇద్దరినైనా నిలుపుకోవాలని తెలిసిన మందులన్నీ వేశాం. జీతం కొంచెం పెంచాం. పండక్కి చీర ఇస్తామన్నాం. ఎవరో చెప్పారని గోడకు వారానికో మంచిమాట రాసే బోర్డు కూడా పెట్టాం. ఆ మంచిమాటలు నేనే రాసేవాణ్ని. వాటి వల్ల ఎవరికీ ఉపకారం జరిగినట్టు లేదు.

విజయలక్ష్మి చెప్పింది

ఆ ఇద్దరిలో విజయలక్ష్మిది చల్లపల్లి. ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తగారు, భర్త ట్రాక్టర్ మెకానిక్. కొట్టుకొచ్చిన నెలలోనే నాకూ సుబ్బయ్యగారికీ దీటుగా అమ్మేది. ఆమె ఉంటే శ్రావణం గట్టెక్కుతామని నాకు ధైర్యం. ఒక బుధవారం పొద్దున ఆమె వచ్చి, శనివారంతో మానేస్తున్నానని చెప్పింది. ఇంకో చీర కూడా ఇప్పిస్తాను, ఉండమ్మా అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.

"చీర వద్దండి బాబాయిగారూ. పొద్దున నిలబడితే రాత్రి దాకా నిలబడే ఉంటున్నాం, కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టట్లేదు. వెనకాల బాత్రూముకి గడియ లేదు, ఒకళ్లెళ్తే ఇంకొకళ్లు తలుపు పట్టుకోవాలి. ఆ బాధకి మంచినీళ్లు తాగడం మానేశాం. ఎనిమిదింటి దాకా ఉండమంటారు, ఆ తర్వాత బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రానిరోజు మా ఆయన ఎవరి బండో అడుక్కుని ఇంత దూరం రావాలి."

మెల్లగా ఇంకో మాట కూడా అంది. "మీరంతా ఇన్నేళ్లు కూర్చునే అమ్మారుగదండీ. మేమొచ్చేసరికి కూర్చోడం తప్పెందుకయింది?"

మా ఓపిక అని నేను మురిసిపోయినదంతా పరుపు మహిమ. అదే ఆ క్షణంలో బుర్రకెక్కింది. వెళ్లి షావుకారు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పేపరు మడిచి, విజయవాడలో వాళ్లు నిలబడట్లేదా అన్నారు. అక్కడ బాత్రూముకి గడియ ఉందేమో చూశారా అన్నాను. ఆయన మడిచిన పేపరు మళ్లీ విప్పారు.

ఇప్పటి షోరూములు చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏసీ ఉంటుంది, సంగీతం ఉంటుంది, పిల్లలు ఆడుకోవడానికి బొమ్మ గుర్రం ఉంటుంది. అమ్మే అమ్మాయికి స్టూలు ఉండదు. పనిలోకి కొత్త మనుషులను తీసుకునేవాళ్లు ముందు ఆ మనిషి ఇంటి నుంచి కొట్టు దాకా వచ్చే దారి, కొట్టులో గడిపే రోజు, తిరిగి వెళ్లే బస్సు, ఈ మూడూ తెలుసుకోవాలి. యూనిఫారం రంగు తర్వాత ఎంచుకోవచ్చు.

కోడూరు మామ్మగారు

శనివారం మధ్యాహ్నం కోడూరు నుంచి ఒక వ్యాను నిండా పెళ్లివారు దిగారు. ముందు నడిచిన మామ్మగారు మా పాత ఖాతా. ఆ ఇంట్లో నాలుగు పెళ్లిళ్లకు బట్టలు మా దగ్గరే తీశారు. ఇది మనవరాలి పెళ్లి. ఆవిడ లోపలికొచ్చి చుట్టూ చూసి, పరుపులేవయ్యా అని అడిగింది. షోరూము చేశామండి అన్నాను. ఈ నడుంతో ఇంత దూరం వచ్చింది నిలబడి చూడ్డానికా అని, చెప్పులు విడిచి, కొట్టు నడిమధ్య పాలరాతి మీద చతికిలబడింది. వెనకే కోడళ్లు, కూతుళ్లు, పెళ్లికూతురు కూర్చున్నారు.

నేను అటూ ఇటూ చూశాను. షావుకారు గారు భోజనానికి వెళ్లారు. విజయలక్ష్మి నన్ను అడగలేదు. కౌంటరు వెనక నుంచి ఒక దుప్పటి తెచ్చి పరిచి, మామ్మగారి ఎదురుగా కూర్చుని మొదటి చీర విప్పింది. దుప్పటి పూర్తిగా పరవకముందే సుబ్బయ్యగారు ఒక మూల కూర్చుని హమ్మయ్య అన్నారు. జాకెట్టు ముక్కలకని వచ్చిన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా, బస్సుకు టైముందిలే అని పక్కన చేరారు. ఎన్నో నెలల తర్వాత కొట్టులో నవ్వులు వినబడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

షావుకారు గారు కునుకు తీసి వచ్చేసరికి నేల కనబడకుండా చీరలున్నాయి. ఆయన నోరు తెరిచేలోగా మామ్మగారు చూసింది.

"రావయ్యా వెంకటరత్నం, కూర్చో. కొట్టు బాగు చేయించావు గానీ కూర్చునే చోటు మర్చిపోయావు."

ఆయనకు గత్యంతరం లేదు, కూర్చున్నారు. కూర్చున్నాక కాఫీలు చెప్పారు.

చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు అయ్యాయి, పట్టుచీరలు అయ్యాయి. పెళ్లికూతురి తలంబ్రాల చీర మాత్రం తేలలేదు. దీపాలు పెట్టే వేళ విజయలక్ష్మి గోడ గడియారం చూసి, చేతిలో చీర మడిచి లేచింది. సుబ్బయ్యగారు మిగతావి చూపిస్తారని, తనకు బస్సు టైమయిందని మామ్మగారితో చెప్పింది. షావుకారు గారి మొహం పాలిపోయింది. సీజనులోకెల్లా పెద్ద బేరం, అందులోనూ అసలు చీర దగ్గర ఈమె లేచి వెళ్తోంది. కూర్చోమని గద్దించబోయి, మామ్మగారిని చూసి ఆగిపోయారు.

ఏ ఊరమ్మా మీది అని మామ్మగారు అడిగింది. చల్లపల్లని చెప్పగానే, మా వ్యాను ఆ ఊరు మీంచేగా వెళ్లేది, ఇంటి ముందు దింపుతాం కూర్చోమంది. విజయలక్ష్మి కూర్చుంది. నాలుగు చీరలు దాటాక, పిల్ల కళ్లల్లో చిన్న విసుగు కనబడగానే, చిలకపచ్చ మీద మామిడిపిందెల అంచు చీర తీసింది. అంతే, బేరం అయిపోయింది.

వెళ్తూ వెళ్తూ మామ్మగారు, మగపెళ్లివారి బట్టలకు మళ్లీ వారం వస్తామనీ, ఈ అమ్మాయే చూపించాలనీ షావుకారు గారికి చెప్పింది. ఆయన అలాగేనండి అన్నారు. విజయలక్ష్మి వాళ్లతోపాటు వ్యాను ఎక్కింది. వ్యాను కదిలాక, అదే ఆమెకు ఆఖరి రోజని ఆయనకు గుర్తు చేశాను.

చల్లపల్లిలో బేరం

ఆదివారం సెలవు. అయినా ఆయన మనుషులను పిలిపించి పరుపులు దింపించారు, కౌంటర్లు ఒక వైపుకు జరిపించారు. సోమవారం విజయలక్ష్మి వస్తుందేమోనని గల్లా వదిలి గుమ్మంలో నిలబడ్డారు. చల్లపల్లి బస్సు వచ్చింది, ఆమె దిగలేదు. ఇంకో బస్సు చూశాం. ఆ తర్వాత ఆయన డ్రైవరును కారు తియ్యమని, నన్నూ ఎక్కమన్నారు. గుమాస్తా ఇంటికి షావుకారు వెళ్లడం మా వీధిలో నేను ఎన్నడూ చూడలేదు.

విజయలక్ష్మి అత్తగారు అరుగు మీద గోంగూర వలుస్తోంది. ఆయనకు కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, మళ్లీ గోంగూర వలవడం మొదలుపెట్టింది. కోడలు గుమ్మంలో నిలబడింది. మాట్లాడేదంతా అత్తగారే. పరుపులు దింపించామని ఆయన చెబితే, అందరికీనా, మీ ఒక్కరికేనా అని అడిగింది. గడియ సంగతేమిటంది. వడ్రంగికి చెప్పానన్నారు. ఆరున్నరకల్లా పిల్లను వదిలెయ్యాలంది. అక్కడ ఆయనలో వ్యాపారి లేచాడు. సీజను నెలరోజులూ ఏడున్నర చేద్దామన్నారు, పోనీ ఏడన్నారు. జీవితమంతా బేరాలాడిన మనిషి, గొంతులో తేనె ఒలికించారు. ఆవిడ తలెత్తలేదు.

"మా కోడలు మీ కొట్లో ఎలా అమ్ముద్దో నాకు తెలీదు గానీ అన్నయ్యగారూ, ఇది మాత్రం ఒకే ధర."

షావుకారు గారు ముందు తెల్లబోయి, తర్వాత కడుపుబ్బ నవ్వారు. గుమ్మంలో విజయలక్ష్మి కూడా నవ్వుతూ, రేపు మొదటి బస్సుకి వస్తానండి అంది.

ఆ నెల నుంచి కొట్టు గంట ముందు తెరిచాం. దివిసీమ వాళ్లు ఎలాగూ మొదటి బస్సులకే వస్తారు. అమ్మాయిలూ అవే బస్సుల్లో వచ్చి, సాయంత్రం వాళ్లతోపాటే బయల్దేరేవారు. పొద్దుపోయాక వచ్చే ఊళ్లోవాళ్లను నేనూ సుబ్బయ్యగారూ చూసుకునేవాళ్లం. ఇంత తేలికైన ఏర్పాటు మాకు ముందే ఎందుకు తట్టలేదంటే, కొట్టు వేళలు దేవుడు పెట్టినవనుకున్నాం. శ్రావణం నిండుగా జరిగింది. మానేసిన ఇద్దరిలో ఒకమ్మాయి తిరిగొచ్చింది. షావుకారు గారు అద్దెమాట మళ్లీ ఎత్తలేదు. నేను రిటైరయినప్పుడు మేనేజరు పని విజయలక్ష్మికే అప్పగించి వచ్చాను.

ఆ రోజు చల్లపల్లి నుంచి కారులో తిరిగొస్తున్నాం. మొవ్వ దాటాక షావుకారు గారు నా వైపు తిరిగారు.

"ఏవయ్యా, నువ్వెప్పుడైనా మానేద్దామనుకున్నావా?"

"అనుకున్నానండి."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడూ అడగలేదండి."

"సరే, ఇప్పుడడుగుతున్నాను. చెప్పు."

మొదలుపెట్టాను. పామర్రు దాటింది, గుడివాడ వచ్చింది. కారు కొట్టు ముందు ఆగింది. డ్రైవరు దిగి తలుపు తీశాడు. ఆయన తలుపు మళ్లీ వేసేయమని అతనికి చెప్పి, నాతో, ఊఁ, ఆ తర్వాత చెప్పు అన్నారు.